మీరు సెలవు పెట్టినా నడవాలి

"ఆయన ఒక్కరోజు రాకపోతే మా దగ్గర నెట్ నడవదండీ."

కాలేజీల్లో, పరిశోధన సంస్థల్లో నెట్‌వర్క్ చూసుకునే మనిషి గురించి ఇలా చెప్పుకోవడం తరచూ వింటాం. చెప్పేవాళ్లు మెచ్చుకోలుగానే చెబుతారు, వినేవాళ్లూ మురిసిపోతారు. నాకు మాత్రం ఆ మాట వినగానే గుబులు పుడుతుంది. ఆ సంస్థ తన నెట్‌వర్క్‌ను ఒక మనిషి జ్ఞాపకశక్తి మీద నిలబెట్టుకుందన్నమాట. ఆ మనిషికి జ్వరం వచ్చినా, ఇంట్లో పెళ్లి జరిగినా, ఇంకో ఉద్యోగం దొరికినా పని ఆగిపోతుంది. ఆయనకూ అది మేలు చేయదు. సెలవు దొరకదు, పదోన్నతి రాదు, కొత్తది నేర్చుకునే తీరిక ఉండదు. వేరే పనికి పంపితే ఇక్కడ ఆగిపోతుందని పైవాళ్లే ఆయన్ను కదలనివ్వరు.

ఈ అధ్యాయంలో ఈథర్‌నెట్ స్విచ్‌ను సిద్ధం చేయడం, కనిపెట్టుకుని ఉండడం గురించి చెబుతాను. ఆ పని ఎలా చేస్తే మీరు లేని రోజున కూడా అది సాఫీగా నడుస్తుందన్నది నా అసలు విషయం.

తార్నాక చుట్టుపక్కల ఎన్ని పెద్ద సంస్థలున్నాయో ఒకసారి గుర్తు చేసుకోండి. ఉస్మానియా విశ్వవిద్యాలయం, దాన్ని ఆనుకుని ఇఫ్లూ, జాతీయ పోషకాహార సంస్థ, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, కాస్త ముందుకు వెళితే హబ్సిగూడ దారిలో సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ. వీటన్నిటిలో ప్రయోగశాలలు, ఆఫీసులు ఉన్నాయి. వాటి మెట్ల కింద, వరండా చివర, అల్మారా పైన గుడ్డి వెలుతురులో మిణుకుమంటూ స్విచ్‌లుంటాయి. వాటిని చూసుకునే ఉద్యోగాల కోసం ఈ ప్రాంతంలో గది అద్దెకు తీసుకుని, తార్నాకలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగి కోర్సు నేర్చుకునే కుర్రాళ్లు, అమ్మాయిలు ఉన్నారు. మీరు వాళ్లలో ఒకరైతే ఇది మీ కోసమే రాశాను.

కోర్సులో కమాండ్లు చెబుతారు. అవి అవసరమే. అయితే అక్కడ మీకు ఇచ్చేది ఎవరూ వాడని ఖాళీ స్విచ్. ఉద్యోగంలో చేరిన రోజున మీ చేతికొచ్చేది ఏళ్ల తరబడి ఎందరో చేతులు పెట్టిన ర్యాక్. ఏ తీగ ఎక్కడికి పోతుందో తెలియదు. పాస్‌వర్డ్ ఎవరికో తెలుసంటారు, ఆయన బదిలీ అయి వెళ్లిపోయారంటారు. మన పని మొదలయ్యేది అక్కడి నుంచి.

స్విచ్‌కు ఏం తెలుసు?

1973 మే 22న అమెరికాలోని జెరాక్స్ పార్క్ ప్రయోగశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్ రాసిన ఒక మెమోలో ఈథర్‌నెట్ ఆలోచన మొదటిసారి కాగితం మీదికి వచ్చింది. ఆ రోజుల్లో అందరికీ కలిపి ఒకటే కేబుల్. ఒకరు పంపింది అందరికీ వినిపించేది, ఇద్దరు ఒకేసారి పంపితే రెండూ చెడిపోయేవి. 1990లో కల్పన అనే కంపెనీ ఏడు పోర్టులతో మొట్టమొదటి ఈథర్‌నెట్ స్విచ్ తెచ్చింది. దాన్ని స్థాపించినవారిలో ఒకరు మన దేశం నుంచి వెళ్లిన వినోద్ భరద్వాజ్. 1994లో సిస్కో ఆ కంపెనీని కొనేసింది. ఈరోజు మీ ర్యాక్‌లో ఉన్న 24 పోర్టుల పెట్టె ఆ వంశంలోదే.

అది చేసే పని ఒకటే. ఒక పోర్టులోకి ఫ్రేమ్ వచ్చినప్పుడు పంపినవారి మ్యాక్ అడ్రస్ చూసి, "ఈ అడ్రస్ ఈ పోర్టు వైపు ఉంది" అని తన పట్టికలో రాసుకుంటుంది. చేరాల్సిన అడ్రస్ పట్టికలో ఉంటే ఆ ఒక్క పోర్టుకే పంపుతుంది. లేకపోతే వచ్చిన పోర్టు తప్ప మిగతా అన్నిటికీ పంపుతుంది. కొంతసేపు ఆ అడ్రస్ నుంచి ఏమీ వినపడకపోతే రాసుకున్నది చెరిపేస్తుంది. చాలా స్విచ్‌లలో ఆ వ్యవధి 300 సెకన్లు. తనకు వినపడిందే రాసుకుంటుంది, విననిది ఊహించదు, పాతబడితే తుడిచేస్తుంది. ఈ మూడు గుణాలూ ఎంత మంచివో పనిలో దిగాక మీకే తెలుస్తుంది. ఫిర్యాదు వచ్చినప్పుడు కారణం ఊహించి పోర్టులు పీకి గుచ్చే మనిషి కంటే, స్విచ్‌ను అడిగి అది చెప్పింది నమ్మే మనిషి త్వరగా ఇంటికి వెళతాడు.

మొదటి వారం ఏదీ ముట్టుకోవద్దు

కొత్తగా చేరినవాళ్లకు చేతులు ఊరుకోవు. వేలాడుతున్న తీగలు సర్దాలనిపిస్తుంది, పాత స్విచ్ పీకేయాలనిపిస్తుంది. ఆగండి. మొదటి వారం మీ పని చూడడం, రాసుకోవడం.

ముందు క్యాంపస్ అంతా నడవండి. ఉస్మానియా లాంటి చోట ఈ నడక తప్పించుకోలేనిది. ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది. నిలువెత్తు రాతి గోడలు. కంప్యూటర్ నెట్‌వర్క్‌లు పుట్టని కాలంలో కట్టినదాంట్లో తీగలు వెళ్లేందుకు ఎవరూ దారి విడిచిపెట్టలేదు. అలాంటి గోడలకు ఇష్టం వచ్చినట్టు రంధ్రాలు వేయకూడదు కూడా. ఇంజనీరింగ్ కాలేజీ, లైబ్రరీ, హాస్టళ్లు దేనికది దూరం దూరంగా ఉంటాయి. రాగి కేబుల్ ఒక్క విడతలో 100 మీటర్లకు మించి పనికిరాదు. ఆ లెక్కలో ప్యాచ్ కార్డులు కూడా కలిసే ఉంటాయి. కాబట్టి భవనానికీ భవనానికీ మధ్య ఫైబరే వేయాలి. దూరం ఒక్కటే కారణం అనుకోవద్దు. రెండు భవనాల ఎర్తింగ్ ఒకేలా ఉండదు, వానాకాలం పిడుగులు పడతాయి. బయట నుంచి లాగిన రాగి తీగ పిడుగుపాటు షాక్‌ను నేరుగా పోర్టులోకి తెస్తుంది. ఫైబర్ గాజు కాబట్టి ఆ బాధ లేదు. మీ నడకలో ఒక భవనం నుంచి ఇంకో భవనానికి చెట్ల మీదుగా రాగి కేబుల్ వెళ్లడం కనిపిస్తే, మార్చాల్సిన వాటి జాబితాలో దాన్ని మొదట రాయండి.

ప్రతి ర్యాక్ దగ్గర ఏం రాసుకోవాలి? స్విచ్ మోడల్, సీరియల్ నంబరు, ఏ పోర్టులో అప్‌లింక్ ఉంది, కరెంటు ఏ బోర్డు నుంచి వస్తోంది, యూపీఎస్ ఉందా, ఉంటే బ్యాటరీ ఎప్పటిది, గది తాళం ఎవరి దగ్గర ఉంటుంది. ఆఖరిది చిన్న విషయంలా కనిపిస్తుంది. రాత్రి తొమ్మిదికి నెట్ పోయినప్పుడు తాళం ఉన్న అటెండర్ గారి ఫోన్ నంబరు మీ దగ్గర లేకపోతే, మీ చదువంతా ఆ తలుపు బయటే నిలబడుతుంది. వేడి కూడా గమనించండి. ఆఫీసుల్లో వాడే స్విచ్‌లు చాలావాటికి 45 డిగ్రీల వరకే తయారీదారు హామీ. మే నెలలో హైదరాబాద్ ఎండకు కిటికీ లేని మెట్ల కింద మూసి పెట్టిన ర్యాక్‌లో ఎంత వేడి ఉంటుందో చెయ్యి పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

తర్వాత కన్సోల్ కేబుల్ పెట్టి లోపలికి వెళ్లండి. చాలా సిస్కో స్విచ్‌లకు 9600 వేగం, 8 బిట్లు, పారిటీ లేదు, స్టాప్ బిట్ 1. లోపలికి వెళ్లాక "షో" తో మొదలయ్యే కమాండ్లు మాత్రమే వాడండి. వాటివల్ల ఏదీ మారదు. షో వెర్షన్, షో రన్నింగ్-కాన్ఫిగ్, షో ఇంటర్‌ఫేసెస్ స్టేటస్, షో వీల్యాన్, షో మ్యాక్ అడ్రస్-టేబుల్. పక్కన ఏ స్విచ్‌లు ఉన్నాయో తెలియాలంటే సీడీపీ, ఎల్‌ఎల్‌డీపీ నైబర్స్ అడగండి. వచ్చిందంతా ఫైలుగా దాచి, ఆనాటి తేదీతో పేరు పెట్టండి. ఇంకే కంపెనీ స్విచ్ అయినా మాటలు కొంచెం మారతాయి, అడగాల్సినవి మాత్రం ఇవే.

ఈ వారంలో నేర్చుకోవాల్సిన విద్య ఒకటి ఉంది. ఇది పట్టుబడితే సగం ఉద్యోగం వచ్చేసినట్టే, అందుకే కాస్త నిదానంగా చెబుతాను. ఏదో ఒక విభాగంలోని కంప్యూటర్ ఐపీ అడ్రస్ తీసుకోండి. అది ఏ గదిలో, ఏ స్విచ్‌లో, ఏ పోర్టులో ఉందో మీ కుర్చీలోంచి లేవకుండా కనుక్కోవాలి. ముందు దాన్ని పింగ్ చేయండి. తర్వాత కోర్ స్విచ్‌లో ఏఆర్‌పీ పట్టిక అడిగితే ఆ ఐపీకి మ్యాక్ అడ్రస్ దొరుకుతుంది. అదే కోర్‌లో మ్యాక్ పట్టిక అడిగితే ఫలానా అప్‌లింక్ వైపు ఉందంటుంది. ఆ అప్‌లింక్ అవతల ఏ స్విచ్ ఉందో నైబర్స్ చెబుతుంది. దానిలోకి వెళ్లి మళ్లీ మ్యాక్ పట్టిక అడగండి. ఇలా ఒక్కో మెట్టు దిగితే చివరికి ఒక మామూలు పోర్టు వస్తుంది. ఆ పోర్టు దగ్గర మీ నడకలో రాసుకున్న గది నంబరు ఉంటే వెతుకులాట ముగిసింది. ఒక మామూలు పోర్టులోనే పది మ్యాక్‌లు కనిపిస్తే, ఆ గదిలో ఎవరో చిన్న స్విచ్ ఒకటి తెచ్చి పెట్టుకున్నారని అర్థం. మ్యాక్ అడ్రస్ 48 బిట్లు, అందులో మొదటి 24 తయారు చేసిన కంపెనీని పట్టిస్తాయి. దాంతో అది ప్రింటరో, కెమెరానో చాలావరకు తెలిసిపోతుంది. ఇప్పటి ఫోన్లు మాత్రం వైఫైలో తమ అసలు మ్యాక్‌కు బదులు కల్పించిన అడ్రస్ చూపిస్తాయి, వాటి విషయంలో ఈ ఆధారం చెల్లదు.

రోజుకో కంప్యూటర్‌ను ఇలా వెతకండి. వారం తిరిగేసరికి క్యాంపస్ పటం మీ నోట్‌బుక్‌లోకి దానంతటదే వచ్చేస్తుంది.

కొత్త స్విచ్‌ను బల్ల మీదే సిద్ధం చేయాలి

కొత్త స్విచ్ వచ్చిందనుకోండి. ర్యాక్‌లో బిగించి, నిచ్చెన మీద నిలబడి, కింద నలుగురు చూస్తుండగా కాన్ఫిగర్ చేయొద్దు. బల్ల మీద పెట్టుకుని ప్రశాంతంగా చేయండి.

ముందు పేరు. 'స్విచ్' అనే పేరున్న స్విచ్‌లు పన్నెండు ఉంటే లాగ్‌లో ఏది అరుస్తోందో ఎవరికి తెలుస్తుంది? భవనం, అంతస్తు, ర్యాక్ తెలిసేలా పేరు పెట్టండి. తర్వాత టైం. ఎన్‌టీపీ సర్వర్ చూపించి, ఐదున్నర గంటల భారత కాలమానం పెట్టండి. గడియారం తప్పుగా ఉన్న స్విచ్ లాగ్‌లు విచారణకు పనికిరావు. మనుషులకు ఎవరి లాగిన్ వాళ్లకు ఇవ్వండి. టెల్‌నెట్ తీసేసి ఎస్‌ఎస్‌హెచ్ పెట్టండి, ఎందుకంటే టెల్‌నెట్‌లో పాస్‌వర్డ్ బట్టబయలుగా ప్రయాణిస్తుంది. స్విచ్‌లోకి లాగిన్ అయ్యే దారి వేరే వీల్యాన్‌లో ఉండాలి, విద్యార్థుల ల్యాబ్ నుంచి అది కనిపించకూడదు.

వీల్యాన్ అంటే ఒకే స్విచ్‌ను లోపల గోడలు కట్టి విడదీయడం. 1998లో వచ్చిన 802.1క్యూ ప్రమాణం ప్రతి ఫ్రేమ్‌కు ఒక నంబరు తగిలిస్తుంది. 1 నుంచి 4094 వరకు నంబర్లు వాడుకోవచ్చు. విశ్వవిద్యాలయంలో దీని విలువ పరీక్షల విభాగాన్ని తలుచుకుంటే తెలుస్తుంది. మార్కులు నమోదు చేసే కంప్యూటర్లు, హాస్టల్ గదుల ల్యాప్‌టాప్‌లు, గేటు దగ్గర కెమెరాలు ఒకే గుంపులో ఉండకూడదు. పరీక్షలకు ఒకటి, ఆఫీసుకు ఒకటి, లైబ్రరీకి ఒకటి, ల్యాబ్‌లకు, హాస్టళ్లకు, కెమెరాలకు విడివిడిగా పెట్టండి. అంతకంటే ఎక్కువ ముక్కలు చేసే ముందు, వాటిని రేపు ఇంకొకరు గుర్తుపెట్టుకోవాలని తలచుకోండి. పోర్టులన్నీ మొదట్లో ఉండే వీల్యాన్ 1లో ఎవరినీ ఉంచొద్దు. వాడని పోర్టులు షట్‌డౌన్ చేయండి.

ఇక డిస్క్రిప్షన్. ప్రతి పోర్టుకూ ఒక వాక్యం రాసుకునే చోటు స్విచ్ ఇస్తుంది, దాన్ని ఖాళీగా వదిలేసేవాళ్లే ఎక్కువ. తార్నాక, హబ్సిగూడలో వీధులకు నంబర్లుంటాయి, చిరునామా చేతిలో ఉంటే ఊరికి కొత్తవాళ్లు కూడా ఎవరినీ అడగకుండా ఇల్లు చేరుకుంటారు. పోర్టుకు "రెండో అంతస్తు, 214 గది, కిటికీ వైపు పాయింట్" అని రాస్తే మీ తర్వాత వచ్చేవాళ్లకు ఆ సుఖం ఇచ్చినట్టే. ఆ నంబరే గోడ మీద పాయింట్‌కూ, ప్యాచ్ ప్యానెల్‌కూ, కేబుల్ రెండు కొసలకూ అంటించండి. నేను ఒక ర్యాక్‌ను తెరిచినప్పుడు అక్కడ పనిచేసేవాళ్ల గురించి మొదట చూసేది ఈ లేబుళ్లే.

భవనాల మధ్య పలు వీల్యాన్లను ఒకే తీగ మీద మోసే ట్రంక్ పోర్టులో కొత్త వీల్యాన్ 30ని చేర్చాలనుకుందాం. సిస్కోలో "స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ యాడ్ 30" అని కొట్టాలి. 'యాడ్' అన్న మాట వదిలేస్తే 30 ఒక్కటే మిగిలి, అప్పటిదాకా వెళ్తున్న వీల్యాన్లన్నీ ఆగిపోతాయి. భవనం మొత్తం ఒక్క ఎంటర్‌తో చీకటైపోతుంది. ఈ పొరపాటు ప్రపంచమంతా జరుగుతుంది, బాగా చదువుకున్నవాళ్లే చేస్తారు. అందుకే ఎంటర్ నొక్కే ముందు వాక్యాన్ని పైకి చదివే అలవాటు చేసుకోండి. పక్కన ఎవరైనా ఉంటే వాళ్లకు వినిపించేలా చదవండి.

హాస్టల్‌లో లూప్ పడిన రాత్రి

మూడో అంతస్తులో ఎవరో గది సర్దుతూ, నేల మీద పడి ఉన్న తీగ కొస చూసి "ఇది ఊడినట్టుందే" అని గోడ పాయింట్‌లో గుచ్చారనుకోండి. ఆ తీగ రెండో కొస అప్పటికే ఇంకో పాయింట్‌లో ఉంది. రెండు పాయింట్లూ ఒకే స్విచ్‌కు వెళతాయి. ఇక అందరికీ పంపే ఫ్రేమ్ ఒకటి వస్తే చాలు. ఆ తీగలోంచి తిరిగి వచ్చి మళ్లీ అందరికీ వెళ్లి, మళ్లీ తిరిగి వస్తుంది. ఈథర్‌నెట్ ఫ్రేమ్‌కు ఆయుష్షు లేదు, తనంతట తాను చచ్చిపోదు. క్షణాల్లో లైట్లన్నీ ఏకంగా పిచ్చిగా కొట్టుకుంటాయి. మీ ఫోన్ మోగుతుంది.

"సార్, హాస్టల్ మొత్తం నెట్ పోయింది. రేపు ఇంటర్నల్స్ ఉన్నాయి సార్."

"ఎంతసేపైంది తమ్ముడూ? ర్యాక్ దగ్గరికి వెళ్లగలవా? లైట్లు ఎలా కొట్టుకుంటున్నాయో చూసి చెప్పు."

ఈ ప్రమాదాన్ని తప్పించే పద్ధతి, స్పానింగ్ ట్రీ, 1985లో డీఈసీ కంపెనీలో పనిచేస్తున్న రేడియా పెర్ల్‌మన్ కనిపెట్టారు. స్విచ్‌లు తమలో తాము మాట్లాడుకుని ఒకదాన్ని రూట్‌గా ఎంచుకుంటాయి, రెండు దారులున్న చోట ఒకటి మూసి ఉంచుతాయి, తెరిచి ఉన్నది తెగితే మూసినదాన్ని తెరుస్తాయి. పాత పద్ధతిలో దానికి 30 నుంచి 50 సెకన్లు పట్టేది. 2001లో వచ్చిన ర్యాపిడ్ రకంలో కొద్ది సెకన్లలోపే అయిపోతుంది.

ఇక్కడ చాలామంది చూడని మడత ఒకటుంది. రూట్ ఎన్నికలో తక్కువ ప్రయారిటీ ఉన్నది గెలుస్తుంది. ఎవరూ ఏమీ పెట్టకపోతే అన్నిటికీ 32768. అప్పుడు తక్కువ మ్యాక్ అడ్రస్ ఉన్నదే రూట్. పాత స్విచ్‌లకు చాలాసార్లు చిన్న మ్యాక్‌లే ఉంటాయి. అంటే కొత్తగా లక్షలు పెట్టి కొన్న కోర్ పక్కన ఉండగా, ఏ స్టోర్ గదిలోనో దుమ్ము పట్టిన ముసలి స్విచ్ క్యాంపస్ మొత్తానికి పెద్దరికం వహిస్తుంటుంది. ఆ గదిలో ఎవరైనా కరెంటు తీస్తే మళ్లీ ఎన్నిక, మళ్లీ కుదుపు. కాబట్టి కోర్‌కు 4096, దాని తోడుకు 8192 అని మీరే పెట్టండి. రూట్ ఎవరో ఇవాళే "షో స్పానింగ్-ట్రీ"తో అడిగి చూడండి.

మనుషులు వాడే పోర్టులన్నిటికీ పోర్ట్‌ఫాస్ట్‌తో పాటు బీపీడీయూ గార్డ్ పెట్టండి. లూప్ పడినా, ఎవరైనా స్పానింగ్ ట్రీ నడిపే స్విచ్ తెచ్చి గుచ్చినా ఆ ఒక్క పోర్టే మూతపడుతుంది. ఇంటి నుంచి తెచ్చిన వైఫై రౌటర్ సంగతి వేరు. దాని ల్యాన్ పోర్టులో తీగ గుచ్చితే అది అంతస్తు మొత్తానికి 192.168తో మొదలయ్యే తన సొంత అడ్రస్‌లు పంచడం మొదలెడుతుంది, అవి పుచ్చుకున్నవాళ్లందరికీ నెట్ పోతుంది. దానికి డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఉంది. అప్‌లింక్‌ను మాత్రమే నమ్మమని చెబితే చాలు, మిగతా పోర్టుల నుంచి వచ్చే అడ్రస్ పంపకాలను స్విచ్ పారేస్తుంది. అప్‌లింక్‌ను నమ్మమని చెప్పడం మరిచిపోతే ఎవరికీ అడ్రస్ అందదు, ఆ వరస గుర్తుంచుకోండి.

ఇవి పెట్టాక ఆ విద్యార్థిని తిట్టాల్సిన పని మిగలదు. తీగ ఊడిందనుకుని పెట్టినవాడు సాయం చేద్దామనే పెట్టాడు. ఒక తీగకు భవనం మొత్తం కూలిందంటే లోపం మన అమరికలో ఉంది. 2009 ఫిబ్రవరి 3న తిరుపతిలో ప్రారంభమైన, సమాచార సాంకేతికత ద్వారా విద్య అందించే జాతీయ మిషన్ విశ్వవిద్యాలయాలకు సెకనుకు 1 గిగాబిట్ లింకులు ఇవ్వాలని సంకల్పించింది. మరుసటి ఏడాది నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్‌కు ఆమోదం వచ్చింది. దేశం అంత ఖర్చు పెట్టి క్యాంపస్ గేటు దాకా తెచ్చిన దారి, చివరి మెట్ల కింది స్విచ్ దగ్గర తెగితే ఆ గదిలో చదువుకునే అమ్మాయికి ఏమీ అందనట్టే. ఆ చివరి మెట్టు మీది.

మార్చే ముందు వెనక్కి వచ్చే దారి

నడుస్తున్న స్విచ్‌లో మార్పు చేయాలంటే మొదట వెనక్కి రావడం ఎలాగో రాసుకోండి. ఏ లైన్లు కొడతారో, పని చెడితే ఏ లైన్లతో పాత స్థితికి వస్తారో ఒక కాగితం మీద పక్కపక్కన ఉండాలి. రెండో వరస రాయలేకపోతే మార్పు మీకే అర్థం కాలేదన్నమాట, ఆ రోజుకు ఆపేయండి.

దూరంగా ఉన్న స్విచ్‌లో చేస్తుంటే మిమ్మల్ని మీరే బయటికి నెట్టేసుకునే ప్రమాదం ఉంది. సిస్కోలో దానికొక రక్షణ ఉంది. ఇప్పుడున్న మంచి కాన్ఫిగ్‌ను ముందే సేవ్ చేయండి. తర్వాత "రీలోడ్ ఇన్ 10" కొట్టండి. పది నిమిషాల్లో స్విచ్ తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది. ఇప్పుడు మార్పు చేయండి, సేవ్ మాత్రం చేయొద్దు. దారి తెగిపోతే కంగారు పడకుండా ఆగండి, రీస్టార్ట్ అయ్యాక పాత కాన్ఫిగ్‌తోనే లేస్తుంది. అంతా బాగుంటే "రీలోడ్ క్యాన్సెల్" కొట్టి, అప్పుడు సేవ్ చేయండి. ఆ క్యాన్సెల్ మరిచిపోతే బాగున్న స్విచ్ కూడా పడిపోతుంది కాబట్టి ఫోన్‌లో అలారం పెట్టుకోండి. కోర్ స్విచ్ మీద మాత్రం పని గంటల్లో ఈ పద్ధతి వాడొద్దు.

సేవ్ చేయడం అంటే "కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్". ఇది చేయకపోతే మీ పనంతా కరెంటు పోయే దాకానే. నెలల కింద చేసిన మార్పు ఒక వేసవి సాయంత్రం కరెంటు పోయి రాగానే మాయమైతే, కారణం ఎవరికీ తట్టదు.

ఎప్పుడు చేయకూడదో కూడా తెలియాలి. ఫలితాల ముందు రోజు, అడ్మిషన్ల కౌన్సెలింగ్ వారం, ఆన్‌లైన్ పరీక్ష జరిగే పూట ఏ మార్పూ వద్దు. సెక్షన్ ఆఫీసర్ గారితో కూర్చుని విద్యాసంవత్సరం క్యాలెండర్‌లో ఆ తేదీలు ముందే గీసుకోండి. మార్పు ఉన్న రోజున సంబంధించిన విభాగాలకు తెలుగులో రెండు వాక్యాల కబురు పంపండి: ఎప్పటి నుంచి ఎప్పటిదాకా, ఎవరికి నెట్ ఉండదు. గంట పడుతుందనుకుంటే రెండు గంటలని చెప్పండి.

నెమ్మదిగా వస్తోందన్న ఫిర్యాదులకు "షో ఇంటర్‌ఫేసెస్"లో లెక్కలు చూడండి. సీఆర్‌సీ లోపాలు పెరుగుతుంటే చాలావరకు కేబుల్ లేదా కొసన వేసిన కనెక్టర్ తప్పు. ఒకవైపు ఆటో, ఇంకోవైపు 100 ఫుల్ అని పెట్టి ఉంటే ఆటో వైపు హాఫ్ డూప్లెక్స్‌లోకి దిగి లేట్ కొలిజన్లు కనిపిస్తాయి. రెండు వైపులా ఆటో పెట్టండి. కెమెరాలు, వైఫై పెట్టెలు పోర్టు నుంచే కరెంటు తీసుకుంటుంటే మొత్తం లెక్క వేసుకోండి. 2003 నాటి 802.3ఏఎఫ్ ప్రకారం పోర్టుకు 15.4 వాట్లు, 24 పోర్టులకు దాదాపు 370. పాత కెమెరాల స్థానంలో ఎక్కువ కరెంటు తాగేవి పెడితే చివర పెట్టిన పరికరాలకు అందదు.

రిజిస్టర్

ఇంత చేసినా అది మీ తలలోనే ఉంటే మొదట చెప్పిన మాట నిజమవుతుంది. ఒక రిజిస్టర్ పెట్టండి. పుస్తకమైనా సరే, అందరికీ తెరుచుకునే ఫైలైనా సరే. తేదీ, ఏ స్విచ్, ఏం మార్చారు, ఎందుకు మార్చారు, ఎవరు చేశారు. 'ఎందుకు' అన్నది తప్పక రాయండి. ఏం మారిందో కాన్ఫిగ్ చూస్తే తెలుస్తుంది, ఎందుకో మాత్రం మీరు రాస్తేనే తెలుస్తుంది. "214 గది పోర్టు వేగం 100కు కట్టాం, అక్కడి పాత ప్రయోగ పరికరం అంతకంటే ఎక్కువ తట్టుకోదు" అన్న వాక్యం లేకపోతే, మూడేళ్ల తర్వాత వచ్చిన మంచి ఇంజనీరు దాన్ని పొరపాటనుకుని సరిదిద్దుతారు. ఒక పరిశోధక విద్యార్థి ప్రయోగం ఆగిపోతుంది.

కాన్ఫిగ్ బ్యాకప్‌లు వారానికోసారి సర్వర్‌కు దానంతటదే వెళ్లేలా పెట్టండి. బ్యాకప్ ఉందనుకోవడంతో సరిపెట్టుకోవద్దు. ఆరు నెలలకోసారి పాత స్విచ్ ఒకదాన్ని బల్ల మీద పెట్టి, బ్యాకప్ ఎక్కించి, అది లేచిందో లేదో చూడండి. లాగ్‌లను సిస్‌లాగ్ సర్వర్‌కు పంపండి, ఎందుకంటే స్విచ్ పడిపోతే లోపలి లాగ్‌లూ దాంతోపాటే పోతాయి.

ఇదంతా రాసి పెడితే మన విలువ తగ్గిపోతుందని భయపడేవాళ్లున్నారు. ఉద్యోగ భద్రత లేని కాంట్రాక్టు మనిషికి ఆ భయం సహజం, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అయినా నేను చూసినంతవరకు పైకి వెళ్లింది రాసి పెట్టినవాళ్లే. ఇంటర్వ్యూలో "నీ నెట్‌వర్క్ గురించి చెప్పు" అన్నప్పుడు వాళ్లు పటం గీసి చూపిస్తారు. దాచిపెట్టుకున్నవాళ్లకు ఆ ర్యాక్ దాటాక చూపించడానికి ఏమీ ఉండదు.

ఇప్పుడు పరీక్ష. వచ్చే నెలలో పెద్ద పనులేవీ లేని ఒక శుక్రవారం సెలవు పెట్టండి. నిజంగానే పెట్టండి. ముందు రోజు సాయంత్రం మీ జూనియర్‌కు రిజిస్టర్, తాళాల జాబితా, కన్సోల్ కేబుల్ ఇవ్వండి. పాస్‌వర్డ్‌లు కవరులో పెట్టి అంటించి, మీద సంతకం చేసి, విభాగాధిపతి గారి అల్మారాలో ఉంచండి. "ఏదైనా పోతే ముందు రిజిస్టర్ చూడమ్మా, అందులో దొరక్కపోతేనే ఫోన్ చెయ్. ఏం వెతికితే దొరకలేదో మాత్రం రాసి ఉంచు" అని చెప్పండి. సోమవారం రాగానే ఆమె రాసింది ముందు పెట్టుకుని, దొరకని ఒక్కొక్క దానికీ రిజిస్టర్‌లో చోటు చేయండి. కవరు తెరిచి ఉంటే పాస్‌వర్డ్‌లు మార్చి, కొత్త కవరు మీద ఆనాటి తేదీ వేయండి. మూడు నెలల తర్వాత ఇంకో శుక్రవారం సెలవు పెట్టండి. ఈసారి కోర్ స్విచ్ ఉన్న గది బాధ్యత కూడా ఆమెకే ఇవ్వండి.